రైలును పడేసేది నీళ్లా, మట్టా? వరదలో రైలు కట్టపై గూడ్స్ బండి ఎందుకు పట్టాలు తప్పుతుంది

తిరుపతి, చిత్తూరు వాళ్లకు అసలు వాన అంటే జూన్‌లో పడేది కాదు, కార్తీకంలో పడేది. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టి తీరం వైపు కదిలిందంటే చాలు, ఏడాదంతా ఇసుకమేటగా పడుండే స్వర్ణముఖి రెండు రోజుల్లో ఒడ్లు ఒరుసుకుంటుంది. 2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి నాడు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. రేణిగుంట నుంచి కడప వెళ్లే లైన్‌లో నందలూరు, రాజంపేట మధ్య రైలు కట్ట కొట్టుకుపోయింది. పట్టాలు, వాటిని పట్టుకున్న స్లీపర్లు మాత్రం ఊయలలా గాల్లో వేలాడాయి. ఆ ఫోటో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ మరునాడే నెల్లూరు దగ్గర పడుగుపాడులో పెన్నా వరద ఇంకో లైన్‌ను తెంపింది.

నది పక్క లైన్ మీద వరదలో గూడ్స్ బండి పట్టాలు తప్పిందని వార్త వచ్చినప్పుడల్లా టీ కొట్ల దగ్గర మూడు మాటలు వినిపిస్తాయి. అంత బరువున్న బండిని నీళ్లు ఎట్లా పడేస్తాయి? నీళ్లున్నాయని తెలిసీ ఎందుకు పంపారు? గూడ్సే కదా, మనుషులు లేరని తెగించారా? మూడూ న్యాయమైన ప్రశ్నలే. కానీ మూడింటి వెనకా ఒకే పొరపాటు ఊహ ఉంది. బండిని తోసేసింది పైన కనిపించే నీళ్లేనని అనుకుంటాం. చాలాసార్లు బండిని పడేసేది నీళ్లు కాదు, ఆ నీళ్లు కింద నుంచి ఎత్తుకుపోయిన మట్టి.

పట్టాల కింద ఏముంటుంది

పై నుంచి కిందికి చూద్దాం. ముందు ఉక్కు పట్టాలు. ప్రధాన లైన్లలో వాటి బరువు మీటరుకు 60 కిలోలు. వాటి కింద సిమెంటు స్లీపర్లు, కిలోమీటరుకు 1,660 వరకు, అంటే దాదాపు 60 సెం.మీ.కు ఒకటి. ఒక్కోటి పావు టన్నుకు పైనే తూగుతుంది. స్లీపర్ల కింద, చుట్టూ అడుగు మందాన కంకర. ఆ కంకరను మోసేది రైలు కట్ట, అంటే గట్టిగా అదిమిన మట్టి దిబ్బ.

ఇందులో కంకర పాత్రను మనం తక్కువగా చూస్తాం. చక్రం కింద పడే బరువును అది వెడల్పుగా పంచి మట్టికి అందిస్తుంది. వాన నీళ్లను కిందికి వదిలేస్తుంది. పట్టాలు పక్కకు జరగకుండా పట్టుకుంటుంది. ఇవన్నీ చేస్తున్నా అది సిమెంటు వేసి అతికించింది కాదు, వదులుగా పోసిన రాళ్ల గుట్ట. మామూలు వానకు చెక్కుచెదరదు, ఏటి ప్రవాహానికి నిలవదు. నీటి శాస్త్రంలో ఒక పాత లెక్క ఉంది: ప్రవాహ వేగం రెట్టింపయితే అది దొర్లించగల రాయి బరువు సుమారు 64 రెట్లు పెరుగుతుంది. నిన్న ఇసుక రేణువులను కదిపిన వంక, ఈ రోజు కంకర రాళ్లను దొర్లించుకుపోవడంలో వింత లేదు.

నీళ్లు కట్టను ఎన్ని దారుల్లో తింటాయి

అందరికీ కనిపించేది ఒకటే దారి: నీళ్లు కట్ట మీదుగా పొర్లడం. కట్టకు ఒక పక్క నీళ్లు పేరుకుని పట్టాల ఎత్తుకు చేరతాయి. రెండో పక్క ఖాళీ. పైనుంచి దూకే నీళ్లు ఆ రెండో పక్క వాలును పాదం నుంచి కోస్తూ వెనక్కి వస్తాయి. ముందు కంకర పోతుంది, తర్వాత మట్టి. చెరువు కట్ట మీదుగా నీళ్లు పొర్లి గండి పడేది ఎట్లాగో, ఇదీ అట్లాగే.

రెండో దారి ఊట. కట్టకు ఒక పక్క నీళ్లు గంటల తరబడి నిలిస్తే మట్టి గుండా సన్నగా అవతలికి కారతాయి. స్పష్టమైన నీళ్లు కారితే పెద్ద భయం లేదు. బురద నీళ్లు కారుతున్నాయంటే లోపలి మట్టి బయటికి వస్తోందని అర్థం. తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట దగ్గర 2021లో ఊళ్లు ఖాళీ చేయించింది ఇలాంటి ఊట చూసే. రైలు కట్టకూ ఇదే సూత్రం. చెరువు కట్ట మీద జనం నిఘా ఉంటుంది, రైలు కట్ట మీద రాత్రిపూట పట్టాల వెంట నడుస్తూ గస్తీ కాసే ఒక్క పెట్రోల్‌మ్యాన్ ఉంటాడు.

మూడోది నది పక్క లైన్లకే ప్రత్యేకం. ఏరు వంపు తిరిగే చోట బయటి ఒడ్డును కోసుకుంటూ జరుగుతుంది. ఆ ఒడ్డు మీదే కట్ట ఉంటే దాని పాదం పోతుంది. వంతెనల దగ్గరా ఇంతే, స్తంభాల చుట్టూ సుడులు తిరిగి పునాది పక్క ఇసుకను తోడేస్తాయి. ఇంజనీర్లు దీన్ని కోత లోతు అంటారు. ఎక్కువగా వాడే లేసీ సూత్రం ప్రకారం ప్రవాహం రెట్టింపయితే లోతు పెరిగేది పావు వంతే. వినడానికి ఊరటే. కానీ ఈ లెక్క నది అడుగు మట్టం చోటు మారలేదన్న నమ్మకం మీద నడుస్తుంది. స్వర్ణముఖిలో ఇసుక తవ్వకాల గురించి ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అడుగు మట్టమే దిగిపోయిన చోట, వరద రాకముందే పునాది సగం బయటపడి ఉంటుంది.

నాలుగోది జనం ఊహించనిది. వరద తీసిన తర్వాత వచ్చే ప్రమాదం. కట్ట నిండా నీళ్లు పీల్చుకుని ఉంది. బయట ఏరు గబగబా దిగిపోయింది. అప్పటిదాకా కట్ట వాలుకు ఆసరాగా నిలిచిన నీళ్లు లేవు, లోపలి నీళ్లు మాత్రం బయటికి తోస్తున్నాయి. తడిసి మెత్తబడ్డ మట్టి ఆ సమయంలోనే జారుతుంది. 'నీళ్లు తగ్గాయి కదా, ఇంకేం' అనే మాట చెరువు కట్టకూ చెల్లదు, రైలు కట్టకూ చెల్లదు.

మూడు మీటర్ల గొయ్యి, ఆరు మీటర్ల గొయ్యి

గాల్లో వేలాడే పట్టా మీద బండి పోతే ఏమవుతుందో లెక్క వేద్దాం. బొగ్గు మోసే వ్యాగన్‌కు నాలుగు ఇరుసులు, ఎనిమిది చక్రాలు. ఇరుసుకు 22.9 టన్నుల భారం అనుమతించిన లైన్‌లో ఒక్కో చక్రం పట్టా మీద వేసే బరువు దాదాపు పదకొండున్నర టన్నులు.

కింద మూడు మీటర్ల మేర కంకర, మట్టి పోయాయనుకుందాం. ఐదు స్లీపర్లు వేలాడుతున్నాయి. చక్రం మధ్యకు వచ్చేసరికి పట్టా కొంత వంగుతుంది. ఇప్పుడు గొయ్యి ఆరు మీటర్లయిందనుకుందాం. వంపు రెట్టింపవుతుందా? కాదు. అదే బరువుకు పట్టా వంగడం దాదాపు ఎనిమిది రెట్లవుతుంది, ఎందుకంటే వంపు పొడవుతో కాదు, పొడవు ఘనంతో పెరుగుతుంది. పైగా వేలాడే పది స్లీపర్లు, పట్టాలు కలిసి బండి రాకముందే మూడు టన్నులకు పైగా కిందికి లాగుతుంటాయి. మనిషి నడిచినా ఊగని లైన్ ఇంజన్ కింద కూలిపోవడం అందుకే.

పట్టా విరగాల్సిన పని కూడా లేదు. గొయ్యి కట్టకు ఒక పక్కనే పడిందనుకోండి. ఒక పట్టా దిగుతుంది, రెండోది నిలుస్తుంది. వ్యాగన్ ఒక మూల కుంగుతుంది, ఇంకో మూల చక్రం మీద బరువు తేలిపోతుంది. చక్రాన్ని పట్టా మీద నిలబెట్టేది లోపలి వైపు ఉండే అంచు. కొత్త చక్రానికి దాని ఎత్తు 28.5 మిల్లీమీటర్లు. మన బొటనవేలి వెడల్పుకు కాస్త ఎక్కువ. ఆ అంచు పట్టా ఎక్కిందంటే బండి తప్పినట్టే.

నిండు బండికి ఒక గండం, ఖాళీ బండికి ఇంకోటి

అంచు ఎక్కుతుందా లేదా అన్నది చక్రాన్ని పక్కకు నెట్టే బలానికి, కిందికి నొక్కే బరువుకు మధ్య నిష్పత్తి మీద ఆధారపడుతుంది. పక్క బలం కింది బరువును మించితే ప్రమాదం. ఇరవై రెండు టన్నుల ఖాళీ వ్యాగన్ తీసుకుంటే చక్రానికి పడేది 2.8 టన్నుల లోపే. ఎక్కడో వంకర పట్టా మీద 3 టన్నుల పక్క తోపు వచ్చిందనుకుందాం. ఖాళీ వ్యాగన్‌కు నిష్పత్తి ఒకటి దాటింది. నిండు వ్యాగన్‌కు అదే తోపు పావు వంతు దగ్గరే ఆగింది. నిజ జీవితంలో బరువుతో పాటు పక్క తోపు కూడా కొంత పెరుగుతుంది కాబట్టి తేడా ఇంత శుభ్రంగా ఉండదు. అయినా దిశ ఇదే. బలహీనమైన కట్టను నిండు బండి కూలుస్తుంది, వంకరైన పట్టా నుంచి ఖాళీ బండి జారిపోతుంది.

మన లైన్లలో రెండు రకాలూ తిరుగుతాయి. కృష్ణపట్నం రేవు నుంచి బొగ్గు నిండుగా వస్తుంది, వ్యాగన్లు ఖాళీగా తిరిగి వెళ్తాయి. మంగంపేట ముగ్గురాయి ఉంది. రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల ట్యాంకర్లతో వెళ్లే దూధ్ దురంతో ఉంది. ప్రయాణికుల పెట్టెలతో పోలిస్తే వ్యాగన్ల స్ప్రింగులు మోటుగా ఉంటాయి, పట్టాల ఎగుడుదిగుళ్లకు అంత సులువుగా ఒదగవు. కాబట్టి అదే వంకర మీద ఎక్స్‌ప్రెస్ దాటిపోయి, వెనక వచ్చిన గూడ్స్ తప్పిందంటే ఎవరో కావాలని చేశారనుకోనక్కర్లేదు.

పచ్చ సిగ్నల్ ఉంది కదా?

ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే ఒక తిరకాసు ఉంది. చాలా చోట్ల పట్టాల గుండా సన్నటి కరెంటు పారిస్తారు. బండి వస్తే చక్రాలు రెండు పట్టాలను కలిపి ఆ కరెంటును దారి మళ్లిస్తాయి, సిగ్నల్ ఎర్రబడుతుంది. పట్టా పూర్తిగా విరిగినా కరెంటు ఆగి ఎర్రబడుతుంది. పట్టాల మీద నీళ్లు నిలిస్తే కరెంటు ఆ నీళ్లలోంచి కారిపోయి, బండి లేకపోయినా ఎరుపే చూపిస్తుంది. అంటే నీళ్లున్న చోట వ్యవస్థ భయపడి ఆపేస్తుంది.

మరి నందలూరు ఫోటోలో లాగా మట్టి పోయి, పట్టాలు తెగకుండా వేలాడితే? కరెంటు నిక్షేపంగా పారుతుంది. ఆ వ్యవస్థ దృష్టిలో లైన్ బాగున్నట్టే. ఇరుసులను లెక్కపెట్టే కొత్త యంత్రాలూ బండి ఉందా లేదా అనే చెబుతాయి తప్ప కట్ట ఉందా లేదా అని చెప్పవు. కట్ట సంగతి చెప్పగలిగింది ఇప్పటికీ ప్రధానంగా మనిషి కళ్లే. వంతెనల దగ్గర నీటిమట్టం కొలిచి ఫోన్‌కు సందేశం పంపే పరికరాలు వచ్చాయి, కానీ రెండు వంతెనల మధ్య మట్టి కట్టకు ప్రతి మీటరుకూ అలాంటిది లేదు.

ఎందుకు పంపారు, ఎంత వేగంతో పంపారు

వానాకాలంలో పెట్రోల్‌మ్యాన్లు లాంతరు, జెండాలు, పట్టా మీద పెడితే పేలే డిటోనేటర్లు పట్టుకుని తమ బీటులో నడుస్తారు. వంతెన స్తంభాల మీద ప్రమాద మట్టం గీత ఉంటుంది. రేణిగుంట వైపు రైల్లో పోతూ కిటికీ పక్క కూర్చుంటే వంతెనల మీద ఆ రంగు గీతలు, అంకెలు కనిపిస్తాయి. నీళ్లు పట్టాల మీదికి వస్తే బండ్లు ఆపి, సిబ్బంది కట్టకు రెండు అంచుల వెంట కర్రలతో పొడుస్తూ నడిచి, కింద గట్టిగా ఉందని తేల్చుకున్నాకే మనిషి నడక వేగంతో పంపాలి. ఇంజన్ మోటార్లు ఇరుసుల దగ్గరే ఉంటాయి కాబట్టి నీళ్లు పట్టాల పైన కొన్ని అంగుళాలు దాటితే ఇంజన్లూ పోవు.

ఈ ఏర్పాటు అంతా ఒక నమ్మకం మీద ఉంది: మనిషి చూసిన తర్వాత, బండి వచ్చేలోపు, పరిస్థితి పెద్దగా మారదని. పెద్ద నదుల్లో అది చాలావరకు నిజం, వరద గంటల తరబడి పెరుగుతుంది. వంకల్లో కాదు. అరగంటలో అంతా మారిపోతుంది.

అప్పుడు మిగిలేది లోకో పైలట్ చూపు. వానలో హెడ్‌లైట్ వెలుగుకు 300 మీటర్లు కనిపిస్తుందనుకుందాం. గంటకు 60 కి.మీ. వేగంతో ఆ దూరం 18 సెకన్లలో అయిపోతుంది, నిండు గూడ్స్ ఆగడానికి అంతకంటే చాలా ఎక్కువ దూరం కావాలి. వేగం 15 కి.మీ.కు తగ్గిస్తే 72 సెకన్ల సమయం దొరుకుతుంది. ఆగే దూరం సుమారుగా వేగం వర్గంతో తగ్గుతుంది, అంటే దాదాపు పదహారో వంతు అవుతుంది. మరి వరద హెచ్చరిక ఉన్న ప్రతి చోటా 15తో పోవచ్చు కదా? పోవచ్చు. కానీ ఒక బండి నెమ్మదిస్తే వెనక లైనంతా నిలుస్తుంది. విద్యుత్ కేంద్రానికి బొగ్గు, ఢిల్లీకి పాలు ఆలస్యమవుతాయి. వాతావరణ శాఖ ఇచ్చే ప్రతి పసుపు హెచ్చరికకూ ఆపితే నవంబరంతా ఆపాల్సిందేనని నడిపేవాళ్లు అంటారు. ఆగిన బండి నష్టం లెక్కకు అందుతుంది, పడిన బండిది అందదని భద్రత వైపు వాళ్లు అంటారు. ప్రతి వానకూ ఆపడం కుదరదన్నది నిజమే. కానీ పైన చెరువు నిండి మొరవ (అలుగు) పోతోందని కబురు వచ్చాక కూడా పూర్తి వేగంతో పంపడానికి ఆ వాదన సరిపోదని నాకనిపిస్తుంది.

'50 ఏళ్ల వరద' అంటే 50 ఏళ్లకోసారి కాదు

1956 సెప్టెంబరులో జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలింది. అదే ఏడాది నవంబరు 23న తమిళనాడులో అరియలూరు దగ్గర వరదకు వంతెన పోయి తూత్తుకుడి ఎక్స్‌ప్రెస్ నీళ్లలో పడింది. రెండు చోట్లా వంద మందికి పైగా చనిపోయారు. రెండో ప్రమాదం తర్వాత రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా చేశారు. ఆ దశకం చివర్లో ఖోస్లా అధ్యక్షతన ఇంజనీర్ల కమిటీ వంతెనలకు ఎంత వరదను లెక్కలోకి తీసుకోవాలో సూచించింది. అప్పటి నుంచి 50 ఏళ్ల వరద అనే మాట వాడుకలో ఉంది. ముఖ్యమైన వంతెనలకు 100 ఏళ్ల లెక్క చూస్తారు.

ఈ మాటను జనం తప్పుగా అర్థం చేసుకుంటారు. ఒకసారి వస్తే ఇంకో 50 ఏళ్ల దాకా రాదని కాదు. ఏ ఏడాదైనా ఆ స్థాయి దాటే అవకాశం వందకు 2 అని. ఒక వంతెన 50 ఏళ్లు నిలిస్తే ఆ కాలంలో కనీసం ఒక్కసారైనా దాటే అవకాశం దాదాపు 64 శాతం. 100 ఏళ్ల వరదకు కట్టినా 50 ఏళ్లలో దాదాపు 40 శాతం. ఒకదానితో ఒకటి సంబంధం లేని వంద వాగుల మీద వంద చిన్న వంతెనలుంటే ఏదో ఒక చోట ఆ స్థాయి దాటే అవకాశం ఒక్క ఏడాదిలోనే 87 శాతం. 'అనూహ్య వరద' అని ప్రకటనల్లో వచ్చే మాటను ఈ అంకెల పక్కన పెట్టి చదవాలి. ఏ వాగు అన్నది అనూహ్యమే, ఎక్కడో ఒకచోట వస్తుందన్నది కాదు.

చెరువుల సీమలో రైలు కట్ట

పై లెక్కంతా ఆకాశం నుంచి పడే వాన గురించి. చిత్తూరు ప్రాంతంలో ఇంకో లెక్క ఉంది: చెరువు. ఇక్కడ చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి, పై చెరువు మొరవ కింది చెరువులో పడుతుంది. పైది తెగితే కిందివీ వరసగా తెగొచ్చు. చెయ్యేరులోనూ ముందు ఎగువన పింఛా ప్రాజెక్టు పొంగింది, తర్వాతే అన్నమయ్య తెగింది.

ఉదాహరణకు 10 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు పట్టే చెరువు, అంటే దాదాపు 35 ఎంసీఎఫ్‌టీ (మూడున్నర కోట్ల ఘనపుటడుగులు). గండి పడి గంటలో ఖాళీ అయితే సెకనుకు సగటున 278 ఘనపు మీటర్లు, దాదాపు 9,800 క్యూసెక్కులు. కింద వంక మీద రైల్వే తూము రెండు వేల క్యూసెక్కులకు కట్టి ఉంటే? మిగిలింది కట్ట మీదుగానే పోవాలి.

2005 అక్టోబరు 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర జరిగింది ఇదే. ఎగువన చెరువు తెగింది, వంతెన కొట్టుకుపోయింది, రేపల్లె నుంచి సికింద్రాబాద్ వెళ్తున్న డెల్టా ప్యాసింజర్ అందులో పడింది. వంద మందికి పైగా చనిపోయారు.

ఇది రైల్వేకు తెలియని ముప్పేమీ కాదు. తమ లైన్‌ను దెబ్బతీయగల చెరువుల జాబితా రాసుకుని, జలవనరుల శాఖతో కలిసి వానలకు ముందు చూసే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. 'రైల్వే అఫెక్టింగ్ ట్యాంక్స్' అని దానికి పేరు. చిక్కు ఏమిటంటే చెరువు రైల్వేది కాదు. జాబితా రాయగలరు, తూము బాగుచేయలేరు. జలవనరుల శాఖ వైపు నుంచి చూస్తే వేల చెరువులు, పూడిన కాలువలు, మొరవకు అడ్డంగా లేచిన ఇళ్లు. రైతు మాట వేరే ఉంది. అసలు రైలు కట్టే మాకు ఆనకట్ట అయింది, నీళ్లు పోయే దారులు చాలవు, మా పొలాలు మునిగాకే మీ కట్ట తెగింది అంటాడు. 19వ శతాబ్దంలో వేసిన మద్రాసు–బొంబాయి లైన్ కట్టలున్న చోట ఈ మాటను కొట్టిపారేయలేం. అప్పటికీ ఇప్పటికీ ఎగువ నేల స్వరూపమే మారింది. ముగ్గురి మాటల్లోనూ నిజం ఉంది, కానీ ఒకే గండికి ముగ్గురూ సమాన బాధ్యులు కారు. ఎవరి వాటా ఎంతన్నది ఆ చోట నీళ్లు ఎటు నుంచి, ఏ గంటకు వచ్చాయన్న దాన్ని బట్టే తేలుతుంది.

గూడ్స్ ప్రమాదం మీద విచారణ

ప్రయాణికుల బండికి ఘోర ప్రమాదం జరిగి ప్రాణాలు పోతే రైల్వే భద్రతా కమిషనర్ విచారిస్తారు. ఆయన కార్యాలయం రైల్వే శాఖ కింద కాకుండా పౌర విమానయాన శాఖ కింద ఉంటుంది. గూడ్స్ ఒక్కటే తప్పితే సాధారణంగా ఆ విచారణ ఉండదు, శాఖలోనే అధికారులు తేలుస్తారు. మొదట వేర్వేరు విభాగాల సూపర్‌వైజర్లు చోటు చూసి జాయింట్ నోట్ రాస్తారు. పట్టాల విభాగం వ్యాగన్‌ను చూపించడం, వ్యాగన్ల విభాగం పట్టాలను చూపించడం అక్కడ మామూలే. వరదలో ఇంకో కష్టం, కొలవాల్సిన మట్టే కొట్టుకుపోయి ఉంటుంది. ప్రమాదం ముందు గొయ్యి ఉందా, బండి పడ్డాక నీళ్లు తవ్వాయా? తొలి గంటల్లో తీసిన ఫోటోలు, పెట్రోల్‌మ్యాన్ పుస్తకంలో రాసిన సమయం, ఇంజన్‌లో నమోదైన వేగం, ఎగువ చెరువు తెగిన గంట. సాక్ష్యం అంటే దాదాపు ఇవే.

మనుషులు లేని బండి అంటే నష్టం లేదని కాదు. ఇంజన్‌లో లోకో పైలట్, సహాయకుడు ఉంటారు, చివర గార్డు ఉంటాడు. 2018 జూన్ 22న అమెరికాలో అయోవా రాష్ట్రం డూన్ ఊరి దగ్గర వరద నీళ్లలో ముడి చమురు గూడ్స్ తప్పింది. 32 ట్యాంకర్లు పట్టాలు దిగాయి. ఎవరూ చనిపోలేదు, కానీ లక్షల లీటర్ల చమురు పొంగుతున్న ఏట్లో కలిసింది.

ఇక 'గూడ్సే కదా' అన్న మాట. గండి పూడ్చి, రాళ్లు పోసి, కంకర పరిచి, పట్టాలు సరిచేసి లైన్ తిరిగి తెరిచేటప్పుడు చాలాసార్లు మొదట ఖాళీ ఇంజన్‌నో, గూడ్స్‌నో గంటకు 10 కి.మీ. వేగంతో దాటిస్తారు. కొత్త మట్టి ఆ బరువు కింద దిగాల్సినంత దిగుతుంది, పట్టాల పని చేసే గ్యాంగ్ మళ్లీ కంకర పొడిచి ఎత్తు సరిచేస్తుంది, ఇంకో గూడ్స్ పోతుంది. ఎక్స్‌ప్రెస్ ఆ తర్వాత వస్తుంది. దాని లోకో పైలట్ చేతిలోనూ ఆ కిలోమీటరు దగ్గర నెమ్మదిగా పొమ్మని రాసిచ్చిన కాషన్ ఆర్డర్ ఉంటుంది.